మూడో కౌంటరు

మణిమాల గుంటూరులో ఒక స్మార్ట్ వాచీల సర్వీస్ సెంటర్లో పనిచేసేది. పొద్దున షట్టరు ఎత్తేసరికే జనం వాకిట్లో ఉండేవారు. చాలామందిది ఒకటే గొడవ. వాచీ బాగానే ఉంది, బ్యాటరీ నిలవడం లేదు, మార్చి ఇవ్వండి.

మణిమాల చెప్పాల్సిందీ ఒకటే మాట. "ఈ మోడల్‌కి బ్యాటరీ మార్చడం కుదరదండీ. పాతది ఇచ్చేస్తే కొత్తదాని మీద కొంత తగ్గిస్తాం."

ఆ మాటతో జనం భగ్గుమనేవారు. రూలు పెట్టినవాళ్ళు ఏ ఊళ్ళో ఉంటారో ఎవరికీ తెలియదు. ఎదురుగా కనపడేది మణిమాల. తిట్లన్నీ ఆమెకే తగిలేవి. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి పట్టుకెళ్ళిన రోజులున్నాయి.

ఆ రోజుల్లోనే ఆమె భంతే శీలరక్షిత దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆయన బౌద్ధ భిక్షువు. ఒక మేడమీద గదిలో ఉంటూ, వచ్చినవాళ్ళకి ధ్యానం నేర్పేవారు. ఆమె ఆదివారం తప్పకుండా వెళ్ళి కూర్చునేది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఆదివారం అందరూ లేచి వెళ్ళాక ఆమె ఆగింది.

"భంతే, ఇప్పుడు ఎవరెంత అరిచినా నాకేం కావడం లేదు. చెప్పాల్సింది చెప్పి తర్వాతి టోకెను పిలుస్తున్నాను. నాకు ధ్యానం పట్టుబడినట్టేనా?"

భంతే ఆమె వంక చూశారు. "మీ ఆఫీసు ఎన్నింటికి తీస్తారమ్మా?"

"పదింటికి, భంతే."

ఆయన తలూపి, చాపలు చుట్టడం మొదలుపెట్టారు.

మళ్ళీ ఆదివారం ఆమె వచ్చేసరికి, కింది వాటాలో ఉండే ఏసుదాసు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు లారీ నడిపిన మనిషి. గుండె ఆపరేషను అయ్యాక కూతురు కొనిపెట్టిన వాచీ ఎప్పుడూ చేతికే ఉండేది. నాడి తేడాగా కొట్టుకుంటే అది ఝుమ్మని చెబుతుంది. దాని పట్టీ మీద తమ సెంటర్ స్టిక్కరు సగం చిరిగి కనపడింది మణిమాలకి.

"ఇది మా దగ్గరికి తెచ్చారా, బాబాయ్?"

"నేను ఎండలో తిరగలేనని భంతేగారే తీసుకెళ్ళారమ్మా. బ్యాటరీ మధ్యాహ్నానికే చచ్చిపోయేది. కుదరదన్నారంట మీవోళ్ళు. తర్వాత పాత బస్టాండు కాడ గడియారాల కొట్టాయన మార్చిచ్చాడు. ఇప్పుడు రాత్రంతా కూడా ఉంటంది."

మణిమాల గబగబా మెట్లెక్కింది. భంతే గది ఊడుస్తున్నారు.

"భంతే, మీరు మా సెంటర్‌కి వచ్చారా? నాకొక్క మాట చెప్పాల్సింది. ఎవరున్నారు కౌంటర్లో?"

"బుధవారం వచ్చాను. మూడో కౌంటరు."

మూడో కౌంటరు ఆమెదే.

"అడిగాను కూడా. అసలు కుదరదా అమ్మా, లేక మీరు చెయ్యరా అని. రెండూ ఒకటేనండీ అన్నావు."

ఆ మాట అన్నట్టు ఆమెకి గుర్తుంది. ట్రేలో వాచీ పెట్టిన చెయ్యి గుర్తుంది. అద్దం అవతల కాషాయం రంగు ఏదో ఉన్నట్టు కూడా గుర్తొచ్చింది. ముఖం మాత్రం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

"మీరని నేను..."

భంతే చీపురు గోడకి ఆనించారు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"కోపం లేదు, విసుగు లేదు. చాలా ప్రశాంతంగా చెప్పావమ్మా."

ఆ రోజు అందరితోపాటు ఆమె కూడా కళ్ళు మూసుకుని కూర్చుంది. కాసేపటికి తెరిచి, చుట్టూ కూర్చున్నవాళ్ళని ఒక్కొక్కరినే చూస్తూ ఉండిపోయింది.

సోమవారం పన్నెండో టోకెను ఒక ఆర్టీసీ కండక్టరమ్మది. డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది, ఖాకీ చొక్కా ఒంటి మీదే ఉంది. వాచీ ట్రేలో పడేసి, "బ్యాటరీ మార్చాలి" అంది. మణిమాల తలెత్తింది. కండక్టరమ్మ నుదుటి మీద చెమట, కళ్ళ కింద నలుపు, అన్నీ కనపడ్డాయి.

"మార్చడం కుదురుతుందండీ. మా కంపెనీ మార్చదు. బయట మార్చేవాళ్ళున్నారు."

పక్క కౌంటరు అమ్మాయి చటుక్కున ఇటు తిరిగింది.

"కుదిరేదైతే మీరెందుకు మార్చరూ?"

"మా రూలండీ."

కండక్టరమ్మ అరిచింది. వరసలో ఉన్నవాళ్ళంతా చూస్తుండగా చాలాసేపే అరిచింది. మణిమాలకి ఒక్కో మాటా తగిలింది. తర్వాతి టోకెను పిలవలేదు, కళ్ళు దించుకోలేదు.

చివరికి కండక్టరమ్మ అలిసి, వాచీ చేతిలోకి తీసుకుంది.

"నీ పేరేంటమ్మాయ్?"

ఫిర్యాదు రాయడానికేనేమో అనుకుంది మణిమాల. అయినా చెప్పింది.