త్రష్ పిట్ట దాగలి

ఒకప్పుడు ఇంగ్లండు దేశంలో ఒళ్లొంచి పనిచేసేవాళ్లకు ఇంటిపేర్లు లేవు. దొరకు మాత్రం ఉండేది. ఎంత భూమి ఉంటే అంత పొడుగు పేరు. చెమటోడ్చేవాడికి ఒక్క మాట చాలన్నారు. "జాన్" అని కేకేస్తే పొలంలో సగంమంది తలలెత్తేవాళ్లు. పిలిచింది ఎవరినో తెలియక అందరూ కలిసి తిట్లు తినేవాళ్లు.

ఆ రోజుల్లో అక్కడి త్రష్ అనే చిన్న పిట్ట కూడా ఇప్పటిలా ఉండేది కాదు. వీపు గోధుమరంగు, రొమ్ము మీగడలా తెలుపు, ఒక్క మచ్చ లేదు. నత్తను తినడం దానికి చేతనయ్యేది కాదు. వానపాము దొరికితే తిండి, దొరక్కపోతే పస్తు.

ఒక ఏడు వానలు మొండికేశాయి. నేల బిగుసుకుపోయింది. వానపాములన్నీ చల్లదనం వెతుక్కుంటూ లోతుకు దిగిపోయాయి. గూట్లో త్రష్ పిల్లలు నోళ్లు తెరిచి ఏడుస్తున్నాయి. గూడున్న ముళ్లకంచె నిండా నత్తలే. కానీ ఒక్కటీ గుల్ల వదిలి బయటికి రాదు.

తల్లిపిట్ట ఒక నత్త దగ్గరికి పోయి, పిల్లలు చచ్చిపోతున్నాయి, కాస్త బయటికి రమ్మని బతిమాలింది. తినడానికే పిలుస్తున్నానని దాచలేదు కూడా. లోపల్నుంచి నత్త నింపాదిగా బదులిచ్చింది.

"నా ఇల్లు నాది. నీ పిల్లల ఆకలితో నాకేం పని? ఆకాశంలో తిరిగేదానివి, ఆకాశాన్నే తినిపించుకో."

పిట్టకు ఒళ్లు మండింది. బలమంతా కూడగట్టి గుల్లను ముక్కుతో పొడిచింది. గుల్ల కంచె కింది ఆకుల పొరలో కూరుకుపోయింది. పగల్లేదు. పిట్ట ముక్కే అదిరిపోయింది. పైకొమ్మ మీది కాకి పగలబడి నవ్వి, కొలిమికి పోయి ముక్కుకు సాన పట్టించుకోరాదా అని ఎగతాళి చేసింది. ఆకలిగొన్న పిల్లలున్న తల్లికి ఎగతాళేమిటి, సలహా ఏమిటి? పిట్ట నేరుగా కొలిమికి ఎగిరింది.

ఆ కొలిమి వాట్ అనే కమ్మరిది. కమ్మరిని వాళ్ల భాషలో స్మిత్ అంటారు. అతను ఎర్రగా కాలిన నాగలి కర్రును దాగలి మీద పెట్టి కొడుతున్నాడు. దాగలంటే ఇనుమును ఆనించి కొట్టే పెద్ద ఇనప దిమ్మ. పిట్ట ఆ పక్కనే వాలి, జరిగిందంతా చెప్పి, తన ముక్కుకు సరిపోయే సుత్తి ఒకటి చేసిపెట్టమంది. నిప్పురవ్వలు ఎగిరి దాని రొమ్ము మీద పడుతున్నాయి. దూరంగా జరగమని వాట్ కసిరాడు. సుత్తి చేతికొస్తే గాని కదలనంది.

వాట్ చెయ్యి ఆపాడు.

"అందరూ సుత్తినే చూస్తారు తల్లీ. పైకి లేచేదీ, చప్పుడు చేసేదీ అదే కదా. కింద దాగలి కదలకుండా నిలబడుతోంది కాబట్టి ఇనుము లొంగుతోంది. నువ్వు నత్తను మెత్తటి ఆకుల మీద పెట్టి పొడిచావు. అది పగలమంటే ఎలా పగులుతుంది? నీకు సుత్తి అక్కర్లేదు. కదలని రాయి ఒకటి చూసుకో. నత్తనే పట్టుకుని దానికేసి కొట్టు. ఒక్క దెబ్బకు కాకపోతే కొట్టిన చోటే మళ్లీ కొట్టు."

పిట్ట కంచె పక్కన భూమిలో పాతుకున్న రాయిని చూసుకుంది. నత్త గుల్ల అంచును ముక్కున కరిచి, తల విదిలించి కొట్టింది. ఠక్. ఏమీ కాలేదు. మళ్లీ కొట్టింది. ఠక్, ఠక్. గుల్ల బీటలిచ్చింది. ఆ పూట పిల్లలు కడుపునిండా తిని నిద్రపోయాయి. పిట్ట సంతోషం పట్టలేక పాడింది. ఆ పాట కూడా సుత్తి దెబ్బల్లాగే పలికింది, పాడిన ముక్కనే మళ్లీ మళ్లీ పాడుతూ.

రొమ్మంతా కాల్చుకుని ఏం సింగారించుకున్నావే అని కాకి అడిగితే, సింగారం కాదు, పని నేర్చుకున్న గుర్తులని చెప్పింది.

పిల్లలకు రెక్కలొచ్చాయి. తల్లి వాటికీ పని నేర్పింది. అక్కడే అసలు చిక్కు వచ్చింది. అన్నీ ఆ ఒక్క రాయి చుట్టూనే చేరాయి. కంచెలో నత్తలు తరిగిపోతున్నాయి. ఇలాగే ఉంటే మళ్లీ పస్తులే.

కమ్మరి ఇంట్లోనూ అదే గొడవ. వాట్‌కు ముగ్గురు కొడుకులు, ముగ్గురూ పనివాళ్లే. కానీ ఒక ఊరికి ఒక కొలిమి చాలు. ఉన్న నాలుగు నాగళ్ల కోసం అన్నదమ్ములు సుత్తి లాక్కుంటున్నారు. ఇంట్లో గంజి రోజురోజుకీ పలచబడుతోంది. పై ఊళ్లకు పంపుదామని వాట్ అంటే, భార్య ఎడిత్ ఒప్పుకోదు. ముక్కూమొహం తెలియని చోట నా బిడ్డల్ని ఎవరు పలకరిస్తారని ఏడ్చేది.

ఒకనాడు పొద్దున్నే ఎడిత్ నీళ్లకు పోతుంటే, త్రష్ పిట్ట తన పిల్లల్ని రాయి దగ్గర్నుంచి పొడిచి తరుముతోంది. ఎడిత్ బిందె కింద పెట్టి దాని మీద విరుచుకుపడింది.

"ఓసి రాక్షసీ, నిన్నటిదాకా నోట్లో పెట్టి పెంచావు. ఇవాళ తరిమికొడతావా?"

"తరమకపోతే చస్తాయమ్మా," అంది పిట్ట. "నేను పెట్టిన తిండి నిన్నటితో అరిగిపోయింది. నేర్పిన పని అరగదు. ఏ కంచె పక్కనైనా రాయి ఉంటుంది. నా రాయి పట్టుకుని వేలాడితే మాత్రం అందరం ఇక్కడే ఎండిపోతాం."

ఎడిత్ ఖాళీ బిందె ఎత్తుకుని వెనక్కి తిరిగింది. ఇంటికెళ్లి చిన్నకొడుకులిద్దరికీ రొట్టె మూట కట్టింది. చెరో సుత్తీ చేతికిచ్చింది. తూర్పుకొకడిని, పడమరకొకడిని సాగనంపింది. ఏడవలేదని కాదు. ఏడుస్తూనే పంపింది.

తూర్పుకు పోయినవాణ్ని కొత్త ఊరి పొలిమేరలో ఆపారు. ఏ దొర మనిషివి, ఎవరి తాలూకువని నిలదీశారు. వాడు దొర పేరు చెప్పలేదు. "స్మిత్‌ని" అన్నాడు. అంతే. ఎవరో విరిగిన కర్రు తెచ్చి ముందు పడేశారు. ఎవరో బొగ్గులకు పరిగెత్తారు. పడమర ఊళ్లోనూ అంతే జరిగింది. ఇనుము అక్కర్లేని ఊరుంటుందా? వాళ్ల కొడుకులు మరో ఊరికి, మనవలు ఓడలెక్కి మరో దేశానికి పోయారు. సుత్తి ముట్టని మునిమనవలు కూడా ఆ ఇంటిపేరు వదల్లేదు. ఎందుకు వదులుతారు? భూమి చేజారిన దొర పేరును గాలి ఎత్తుకుపోయింది. ఇది రెక్కల కష్టం తెచ్చిన పేరు, ఎవడు లాక్కుంటాడు?

అప్పటినుంచే ఆ దేశంలో ఏ ఊరికి పోయినా స్మిత్‌లు కనిపిస్తారు. అప్పటినుంచే త్రష్ పిట్ట రొమ్ము నిండా మచ్చలు, ఒక్కో పిట్టకు ఒక్కో సొంత రాయి. రెక్కలొచ్చిన పిల్ల తల్లి రాయి అడగదు, తన రాయి వెతుక్కుంటూ పోతుంది. ఏ రాయి చుట్టూనైనా పగిలిన నత్తగుల్లలు కుప్పపడి ఉంటే, అక్కడో పనివాడు కాపురముంటున్నాడన్నమాట.