బస్సెక్కిన విల్లు

రహంతుల్లాకు కుళ్లాయప్ప మోచెయ్యంటే రానురాను భయం పట్టుకుంది.

ఆదోనిలో హకీం మొహియుద్దీన్ సాహెబు దగ్గర అతను తొమ్మిదేళ్లుగా శిష్యుడు. వేర్లు నూరడం నేర్చాడు, నాడి చూడడం నేర్చాడు. ఈమధ్యే జనం అతన్ని 'చిన్న హకీం' అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు చెవిన పడితే చాలు, ఏ పనిలో ఉన్నా తల తిప్పేవాడు.

కుళ్లాయప్ప దూదేకులాయన. పరుపులకూ బొంతలకూ దూది ఏకుతాడు. నిలువెత్తు విల్లు ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతిలోని చెక్క గుండుతో దాని నారిని కొడతాడు. నారి అదిరినప్పుడల్లా గడ్డకట్టిన దూది విడిపోయి నురగలా పైకి లేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే దెబ్బ, అదే చెయ్యి. నాలుగు నెలలుగా ఆ చేతికి మోచేతి బయటివైపు, ఎముక బొడిపెలా తగులుతుందే, సరిగ్గా అక్కడ నిప్పు పెట్టినట్టు మంట.

రహంతుల్లా తైలం ఇచ్చాడు. ఆకుకట్టు కట్టాడు. ఇసుక మూటతో కాపడం పెట్టాడు. రెండు రోజులు తగ్గేది. విల్లు పట్టగానే మళ్లీ మొదలు.

ఆ బుధవారం కుళ్లాయప్ప వచ్చి, అరుగు మీదున్న నీళ్ల చెంబు ఎత్తబోయి వదిలేశాడు. నీళ్లన్నీ ఒలికిపోయాయి.

"చెంబు కూడా లేవట్లేదు చిన్న హకీం. ఈ వారం చూస్తా. తగ్గకపోతే విల్లు మా తమ్మునికిచ్చేసి, మిల్లులో ఊడ్చే పనికి పోతా."

"అట్లంటే ఎట్లా? ఇంకో తైలం కాస్తా."

"ఇంకెవరన్నా ఉండారా, ఈ నొప్పి చూసేటోళ్లు?"

రహంతుల్లా మొహం ఎర్రబడింది. "మా ఉస్తాద్ దవాఖానాలో కుదరని నొప్పి ఇంకెక్కడ కుదురుతుంది?"

లోపలి గదిలో కల్వం చప్పుడు ఆగిపోయింది. హకీం సాహెబు మందు నూరడం ఆపి బయటికి వచ్చాడు. కుళ్లాయప్ప మోచేతిని నొక్కి చూశాడు. పిడికిలి బిగించమన్నాడు. ఆ సాయంత్రం దాకా దవాఖానాకు వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగాడు. "ఇట్లాంటి మోచేతి నొప్పిని బాగా చూసేవాళ్లు ఎవరన్నా తెలుసా నాయనా?"

రహంతుల్లా నేల చూపులు చూస్తూ పొట్లాలు కడుతూనే ఉన్నాడు. ఊళ్లో అందరూ మందు కోసం ఈయన దగ్గరికొస్తారే, ఈయనే అందర్నీ అడగడమేమిటి!

చివరికి దగ్గు మందు కోసం వచ్చిన మిల్లు కాంపౌండరు అన్నాడు. "కర్నూల్లో ఒక డాక్టరమ్మ ఉంది హకీం సాబ్. శనివారం శనివారం చేతులే చూస్తుంది, ఇంకోటి ముట్టదు. మా మిల్లోళ్లంతా ఆమె దగ్గరికే. అయినా ఈ మాట నెల కిందటే మీ చిన్న హకీంకు చెప్పితినే?"

రహంతుల్లా చేతిలో పొట్లం విడిపోయింది.

హకీం సాహెబు శిష్యుని వైపు ఒక్కసారి చూశాడు. తిట్టలేదు. "శనివారం పోదాం," అన్నాడు. "కుళ్లాయప్ప విల్లు కూడా వస్తుంది. దాన్ని నువ్వు మొయ్యి."

శనివారం బస్సులో ఆ విల్లు అడ్డంగా పెడితే మనుషులకు తగిలేది, నిలువుగా పెడితే టాపుకు తగిలేది. దూది పింజలు రహంతుల్లా గడ్డం నిండా అంటుకున్నాయి.

"ఏం సాయిబూ, స్వయంవరానికా?" అన్నాడు కండక్టరు. "బాణాలేవి మరి?"

బస్సంతా నవ్వింది. కుళ్లాయప్ప కూడా నవ్వాడు. రహంతుల్లా ఒక్కడే నవ్వలేదు.

ఆసుపత్రి వసారాలో అప్పటికే అరవై మంది దాకా ఉన్నారు. హకీం సాహెబు చీటీ రాయించి, కుళ్లాయప్ప పక్కనే నేల మీద కూర్చున్నాడు. గేటు కాడి మనిషి గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చాడు. "హకీం సాబ్! మీరా! మా అమ్మకు కామెర్లు నయం చేసింది మీరే గదా. లోపలికి రండి, మీకు వరుసేంది?"

"నా వంతు రానీ నాయనా."

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఆదోని హకీం మందు కోసం కర్నూలొచ్చాడంట! రహంతుల్లా విల్లు చాటున మొహం దాచుకున్నాడు.

వంతు వచ్చింది. డాక్టర్ ప్రమీల విల్లును చూసి పెన్ను కింద పెట్టేసింది.

"పదకొండేళ్లుగా చూస్తున్నా, పనిముట్టుతో సహా వచ్చినవాళ్లు మీరే. ఏదీ, కొట్టి చూపించు."

కుళ్లాయప్ప పళ్లు బిగబట్టి నాలుగు దెబ్బలు కొట్టాడు. ఆమె మోచేతిని చూడలేదు. మణికట్టును చూసింది, గుండును పట్టుకున్న వేళ్లను చూసింది.

"దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారు."

"అయ్యో తల్లీ, ఆ బ్యాటు ముట్టుకున్న పాపాన పోలేదే నేను!"

"ఆడేవాళ్ల కంటే పనిచేసేవాళ్లకే ఎక్కువొస్తుందయ్యా. పేరు మాత్రం వాళ్లు కొట్టేశారు." ఆమె గుండును చేతిలోకి తీసుకుంది. "ఇది ఎవరిది?"

"మా నాయనది."

"ఏళ్ల తరబడి పట్టుకుని పట్టుకుని మధ్యలో అరిగి సన్నబడింది. సన్నటి పిడిని చెయ్యి గట్టిగా బిగించాలి. పైగా జిడ్డుగా ఉంది. నూనె ఎక్కడిది?"

"తైలమమ్మా. మోచేతికి రాస్తే కారి అరచేతిలోకి వస్తుంది."

"ఎప్పుడు రాస్తావు?"

"పొద్దున్నే, పనికి కూర్చోబోయే ముందు."

"జారుతుందని ఇంకా గట్టిగా బిగిస్తున్నావు. బిగించేకొద్దీ నొప్పి. పనికి ముందు రాయమని ఎవరు చెప్పారు?"

రహంతుల్లా తల దించుకున్నాడు. తైలం ఇచ్చిన ఇన్నాళ్లలో ఒక్కసారైనా కుళ్లాయప్ప పనిచేస్తుండగా చూసింది లేదు.

"మేమే చెప్పామమ్మా," అన్నాడు హకీం సాహెబు. జేబులోంచి చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తీశాడు. "ఇప్పుడు ఏం చెయ్యాలో నెమ్మదిగా చెప్పండి. రాసుకుంటా."

ఆమె చెప్పింది. ఆరు వారాలు విల్లు ముట్టకూడదు. గుండుకు గుడ్డ చుట్టి పిడి లావు చెయ్యాలి. మోచేతి కింద పట్టీ. రోజూ బల్ల అంచున ముంజెయ్యి ఆనించి, చిన్న బరువు పట్టుకుని మణికట్టును నెమ్మదిగా కిందికి దించాలి, ఎత్తేటప్పుడు రెండో చెయ్యి సాయం. డెబ్భై ఏళ్ల మనిషి బడిపిల్లవాడిలా ప్రతి మాటా రాసుకున్నాడు. "దించేటప్పుడే ఎందుకమ్మా, ఎత్తేటప్పుడు ఎందుకు కాదు?" అని అడిగి, జవాబు కూడా రాసుకున్నాడు.

అప్పటినుంచి ప్రతి పొద్దునా రహంతుల్లా తనే కుళ్లాయప్ప ఇంటికి వెళ్లి బరువు దింపించాడు. ఆరో వారం చెంబు లేచింది. పదో వారం విల్లు పలికింది. పన్నెండో వారం ఒక పెళ్లివారి పరుపులన్నింటికీ దూది ఏకేసి, తలకూ మీసాలకూ దూదితోనే కుళ్లాయప్ప దవాఖానాకు పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే రహంతుల్లాను రెండు చేతులా ఎత్తి గిర్రున తిప్పాడు.

"చూడండప్పా! నా చెయ్యి చూడండి! మా చిన్న హకీం హస్తవాసి!"

వీధిలో జనం చప్పట్లు కొట్టారు. "చిన్న హకీం! చిన్న హకీం!"

రహంతుల్లా కిందికి దిగి, చొక్కా సర్దుకున్నాడు. అందరికీ వినపడేలా గొంతెత్తాడు.

"నా మందుతో తగ్గలేదు. నా మందుతోనే ఎక్కువైంది. తగ్గించింది కర్నూల్లో డాక్టర్ ప్రమీలమ్మ. శనివారాలు చూస్తుంది. చేతి నొప్పులుంటే ఆమె దగ్గరికి పోండి. దారి నేను చెప్తా."

జనం మొదటికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

గోల సద్దుమణిగాక అతను ఉస్తాద్ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మూడు నెలలుగా అడగలేని మాట అప్పుడు అడిగాడు.

"ఉస్తాద్, ఆ రోజు అంతమందిలో నేల మీద కూర్చున్నారు. మీకు సిగ్గనిపించలేదా?"

హకీం సాహెబు నవ్వాడు.

"ఆ వరుసలో అరవై మంది ఉన్నారు బేటా. అందరూ ఏదో ఒకటి వదిలించుకుందామని వచ్చినవాళ్లే. విద్య తెచ్చుకుందామని పోయింది నేనొక్కణ్ణే. ఇంక సిగ్గెందుకు?"