బెదురమ్మ మెచ్చిన వైపు

ఒకానొక రాజ్యంలో రాజుగారి మేడంతా గాలించినా ఒక్క అద్దం దొరికేది కాదు. రాజు తన రూపాన్ని తాను చూసుకోకూడదు, ప్రజల నోట వినాలి అన్నది ఆ వంశంలో తరతరాల ఆచారం. ఉద్దండరాయలు గద్దె ఎక్కాక ఆ ఆచారం మరీ ముదిరింది. ఆయన ఎటు వెళ్లినా ఎదురుపడినవాళ్లు "జయము మహారాజా, తమ రూపం దివ్యం" అనవలసిందే. ఇక ఆయన మీసాలంటారా, అవి చెవులదాకా మెలితిరిగి ఉండేవి. ఉంగరాలు తగిలి ఎక్కడ వెంట్రుక తెగుతుందోనని వాటిని తన చేత్తో తాను ముట్టుకునేవాడు కాడు. దువ్వడానికీ, నూనె రాయడానికీ వేరే మనుషులుండేవారు.

ఆ కొలువులో ఓబళయ్య అనే పెద్దమనిషి ఉండేవాడు. రాజుగారికి విసుగు పుట్టినప్పుడు నాలుగు చమత్కారాలు చెప్పి నవ్వించడం ఆయన ఉద్యోగం. ఇంటికి వెళితే ఆయన్ని నవ్వించేవి పిట్టలు. భార్య కావమ్మ కాలం చేశాక, ఆవిడ పెంచిన నాలుగు పిట్టలే ఆ ఇంట్లో మిగిలిన సంసారం.

ఒకదాని గుణం ఇంకొకదానికి లేదు. చిలుక పేరు పట్టపుదేవి. జామపండు కోసిపెట్టినా బతిమాలితే తప్ప ముక్కు పెట్టదు. పావురం పేరు సన్యాసి. ఇల్లు కూలుతున్నా కళ్లు మూసుకునే కూర్చుంటాడు. గోరింక పేరు దండోరా. ఏ గొంతు విన్నా అచ్చం అలాగే పలుకుతుంది. కౌజుపిట్ట పేరు బెదురమ్మ. చీపురు కదిలితే గంప కిందికి దూరుతుంది, గంప కదిలితే ఓబళయ్య పంచె కుచ్చిళ్లలోకి దూరుతుంది.

కావమ్మ పోయిన కొత్తలో ఓబళయ్య పొయ్యి ముట్టించడమే మానేశాడు. ఒక మధ్యాహ్నం గోడకు చేరగిలబడి ఉండగా, వసారాలోంచి దండోరా కావమ్మ గొంతుతో "ఏమండీ, అన్నం చల్లారిపోతోంది" అని పిలిచింది. ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చి, కళ్లు తుడుచుకుని, లేచి బియ్యం కడిగాడు. తాను ఇంకా నలుగురిలో తిరుగుతున్నానంటే ఆ పిట్టల చలవేనని ఆయన అందరితోనూ చెప్పేవాడు.

ఒకనాడు రాజుగారు వేట నుంచి వస్తూ దాహానికని ఓబళయ్య ఇంట ఆగాడు. వసారాలో అడుగు పెట్టి, పిట్టల వంక చూసి, జయజయకారం కోసం ఎదురుచూశాడు. పట్టపుదేవి వీపు తిప్పింది. సన్యాసి కునుకు తీస్తున్నాడు. బెదురమ్మ ఆ మీసాలను చూడగానే గంప కిందికి పరుగెత్తింది. ఇదేమిటని అడగబోతూ రాజుగారు తన అలవాటు చొప్పున "ఉహ్హుం" అని గొంతు సవరించుకున్నాడు. దండోరా కూడా అదే బరువుతో, అదే దర్జాతో "ఉహ్హుం" అంది.

వెంట వచ్చిన భటులు పళ్ల బిగువున నవ్వు ఆపుకున్నారు. రాజుగారి మొహం కందగడ్డ అయింది. నా ఉప్పు తినే ఇంట్లో పిట్టలకు కూడా నేనంటే లెక్క లేదా అని మండిపడ్డాడు. వచ్చే పున్నమి కొలువుకు ఈ నాలుగూ ఒకే గుణంతో, ఒకే గొంతుతో జయము పలకాలి, లేకపోతే వంటశాలకు పంపిస్తానని ఆజ్ఞ వేసి వెళ్లిపోయాడు.

ఆ పూట ఓబళయ్యకు మెతుకు దిగలేదు. కష్టపడితే దండోరాకు జయము నేర్పవచ్చు. మిగతా మూడూ ఏ జన్మకూ పలకవు. పైగా రేయింబవళ్లు జయము నూరిపోస్తే దాని గొంతులో ఉన్న కావమ్మ ఏమైపోతుంది? ఆ పిలుపు ఇంక వినబడదనుకుంటేనే ఆయనకు గుండె జారింది. తనను నిలబెట్టిన పిట్టలను ఎలాగైనా తాను నిలబెట్టాలనుకున్నాడు.

మర్నాడు రాజుగారి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు. పిట్టలు చెబితే నేర్చుకోవనీ, చూసి నేర్చుకుంటాయనీ విన్నవించాడు. "పున్నమినాడు తెల్లవారింది మొదలు, పిట్టలను పట్టుకొచ్చే నేను తప్ప, మేడలో ఎవరిని ఏమడిగినా 'జయము మహారాజా, అంతా దివ్యం' అన్న మాట తప్ప ఇంకో మాట రాకూడదని ఆజ్ఞాపించండి ప్రభూ. మనుషులంతా ఒకే గుణమైతే పిట్టలెంతసేపు?"

రాజుగారికి ఈ ఆలోచన పాయసంలా దిగింది. వెంటనే చాటింపు వేయించాడు. ఆ రోజు ఏం జరుగుతుందో ఓబళయ్యకూ తెలియదు. కాని నిజం చెప్పేవాడు లేని ఇంట్లో పొద్దు గూకేలోగా ఏదో ఒకటి జరగక మానదని మాత్రం తెలుసు.

నిజానికి పొద్దు గూకేదాకా ఆగనే లేదు. తెల్లవారగానే క్షురకుడు తిరుపాలు ఎడమ మీసం కొస సరిచేస్తుండగా రాజుగారికి పెద్ద తుమ్ము వచ్చింది. కత్తెర మీసం మొదట్లో పడింది. ఏమయిందిరా అన్నాడు రాజు. తిరుపాలుకు పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో ఆజ్ఞ గుర్తొచ్చి, "జయము మహారాజా, అంతా దివ్యం" అని ఒడిలో పడ్డ మీసాన్ని గుడ్డలో చుట్టుకుని బయటపడ్డాడు. రాణిగారు చూసి అదే మాట అన్నారు. మంత్రిగారూ అదే అన్నారు. రాజుగారు ఒంటి మీసంతో ఏనుగెక్కి రాజవీధిలో ఊరేగి, జయజయకారాల మధ్య కొలువుకు వచ్చి కూర్చున్నాడు.

ఓబళయ్య పిట్టలతో వచ్చి ఒక్క చూపు చూశాడు. ఏమీ ఎరగనట్టు గంపనూ, పిట్టలు తాగే నీళ్ల పళ్లేన్నీ గద్దెకు ఎడమ పక్కన దించాడు. పట్టపుదేవి వీపు తిప్పింది. సన్యాసి కళ్లు మూసుకున్నాడు. రాజుగారు కనుబొమలు ముడిచేంతలో బెదురమ్మ గంపలోంచి తల బయటపెట్టి చూసింది. నునుపైన బుగ్గ తప్ప భయపెట్టేదేమీ కనబడలేదు. మెల్లగా నడిచివచ్చి రాజుగారి మోకాలెక్కి కూర్చుంది.

సభ యావత్తూ నోరు తెరిచింది. రాజుగారు పొంగిపోయి దాన్ని చూద్దామని మొహం తిప్పాడు. కుడి మీసం ఎదురుగా రాగానే బెదురమ్మ కెవ్వుమని గంపలోకి దూకింది.

"ఇప్పుడే వచ్చి, ఇప్పుడే పారిపోయిందేం ఓబళయ్యా?"

"దానికి ఎడమవైపు మహారాజుగారు నచ్చారు ప్రభూ. కుడివైపు మహారాజుగారంటేనే భయం."

రెండు వైపులకూ తేడా ఏమిటని రాజుగారు సభను అడిగాడు. జయము మహారాజా, అంతా దివ్యం అంది సభ. మంత్రిని పేరు పెట్టి అడిగాడు. ఆయనా నేల చూపులు చూస్తూ అదే అన్నాడు. అప్పుడు ఓబళయ్య నీళ్ల పళ్లెం పైకెత్తి పట్టుకున్నాడు. ఆచారం అద్దానికే గాని పిట్టల నీళ్లకు కాదు కదా. రాజుగారు వంగి చూశాడు.

నీళ్లలో ఒక పక్కే మీసం కనబడింది. తిరుపాలు స్తంభం వెనక్కి నక్కాడు. ఓబళయ్య నిదానంగా అన్నాడు. "ఇందులో ఎవరి తప్పూ లేదు ప్రభూ. పొద్దుటి నుంచి అందరూ తమ ఆజ్ఞ పాటించారు. తప్పింది ఈ బెదురుగొడ్డు ఒక్కటే. వంటశాలకు పంపాలంటే దీన్నే పంపాలి."

రాజుగారు బదులు చెప్పడానికి నోరు తెరిచాడు. ఆయనకంటే ముందే దండోరా "ఉహ్హుం" అని గొంతు సవరించుకుంది. అంతే, ఉద్దండరాయలు పొట్ట పట్టుకుని కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వాడు. ఆయన నవ్వాక గాని సభకు నవ్వే ధైర్యం రాలేదు.

నవ్వు తగ్గాక తిరుపాలును పిలిచి, రెండో మీసమూ తీసేయమన్నాడు. "ఊరంతా దాచిన నిజం నాకు చెప్పిన పిట్ట ఇది. మళ్లీ నన్ను చూసి బెదరకూడదు" అన్నాడు. మేడలో అద్దం పెట్టించమని మంత్రికి చెప్పాడు. తన భుజం మీది శాలువ తీసి ఓబళయ్యకు కప్పి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. నా పిట్టలను వాటి మానాన ఉండనిస్తే అదే పదివేలు ప్రభూ అన్నాడు ఓబళయ్య.

ఇంటికి వచ్చి ఆ పట్టుశాలువను మడతపెట్టి బెదురమ్మ గంపలో మెత్తగా పరిచాడు. పట్టపుదేవిని బతిమాలి జామపండు తినిపించాడు. సన్యాసి వీపు నిమిరాడు. మీ రుణం తీర్చుకోలేనర్రా అని నాలుగింటికీ చెప్పి, పొయ్యి ముట్టించి వండుకున్నాడు. వడ్డించుకున్నాక కావమ్మ ఉంటే ఈ కథ విని ఎంత నవ్వేదో అనుకుంటూ కంచం ముందు అలాగే కూర్చుండిపోయాడు.

"ఏమండీ, అన్నం చల్లారిపోతోంది" అంది దండోరా.

"ఇదిగో, తింటున్నానే" అన్నాడు ఓబళయ్య, అన్నం కలుపుకుంటూ.