పాటలో ఆగే చోటు

మేం పాడుతుంటే సంఘం పాడదు. చప్పట్లు కొడతారు, నోరు మాత్రం విప్పరు. ఎందుకు? కొన్ని నెలలుగా నన్ను తినేస్తున్న ప్రశ్న ఇదొక్కటే.

మా బ్యాండ్ పేరు 'ఎండిన ఎముకలు'. నిజాంపట్నం రేవు దగ్గర మా చర్చిలో, సండే స్కూలు గదిలో, ఒక పాత గిటారుతో, రెండు పెయింటు డబ్బాలతో మొదలైంది. పేరు వినగానే సంఘ పెద్ద ప్రకాశరావుగారు, "ఆరాధనకి ఎముకలేంటమ్మా, ఇదేమన్నా మాంసం కొట్టా?" అన్నారు. బైబిల్లో యెహెజ్కేలు గ్రంథం తెరిచి, ఎండిన ఎముకలు ప్రాణం పోసుకుని లేచే చోటు చూపిస్తే ఊరుకున్నారు. ఏడాదికి డబ్బాలు పోయి డ్రమ్స్ వచ్చాయి. బేస్ గిటారు వచ్చింది. పాటల మాటలు పడే తెర వచ్చింది. జనం గొంతు మాత్రం పోయింది.

"ఈ ఆదివారం కూడా ఎవరూ పాడకపోతే డ్రమ్స్ బయట పెట్టేద్దాం," అని పెద్దలు తేల్చేశారు.

శనివారం పొద్దున్నే గిటారు తగిలించుకుని ఏలీయా మాస్టారింటికి వెళ్ళాను. నలభై ఏళ్ళు మా చర్చిలో కీర్తనలు చెప్పినాయన. చదువు రానివాళ్ళ కోసం ఒక్కో వరస ముందు ఆయన చెప్పేవారు, వెనక జనం పాడేవారు. తెర వచ్చిన రోజు, "ఇక మీరు కూర్చోండి మాస్టారూ, అన్నీ తెర మీద పడతాయి," అన్నది నేనే. ఆయన నవ్వి కూర్చున్నారు. ఒప్పుకుంటున్నాను, ఆ నవ్వు గురించి అప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మాస్టారు అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"సౌండ్ ఎక్కువైందా మాస్టారూ? శ్రుతి వాళ్ళకి అందట్లేదా?"

"నాకేం తెలుసమ్మా. ముందు నీ పాట నాక్కూడా నేర్పు."

'గాలి అడ్డం తిరిగినా నా పడవ నీదే ప్రభువా.' నేనే కట్టిన పాట. మొదలు నుంచి చివరిదాకా పాడాను. ఆయన నోరు విప్పలేదు.

"ఇంకోసారి."

పాడాను. ఆయన కాయలు ఒలుస్తూనే ఉన్నారు.

"ఇంకోసారి."

"మీరు పాడట్లేదుగా!"

"పాడు తల్లీ."

ఉక్రోషంతో ఎత్తుకున్నాను. మొదటి వరసకే గొంతు ఎండిపోయింది. గిటారు ఆపి మంచినీళ్ళ చెంబు అందుకున్నాను. అప్పుడు, ఆ వరస ఆయన పాడారు. ఒక్క మాట పోలేదు.

పాడి, ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నారు. నేను తాగకుండానే చెంబు కింద పెట్టేశాను.

ఇంటికొస్తుంటే దారంతా నా ఫోనే గుర్తొచ్చింది. నాకు గిటారు నేర్పిన గురువు ఆ ఫోనే. వీడియో ఆపి వాయించేదాన్ని, మళ్ళీ కదిలించి మళ్ళీ ఆపేదాన్ని. ఒక్కో పాటకి ఎన్నిసార్లు ఆపి ఉంటానో.

ఆదివారం ఆరాధనకి ముందు మా డ్రమ్మర్ బెంజితో, "ప్రతి వరసకీ ఆపేయాలి," అన్నాను.

"ఆపి?"

"ఏమో."

"భలే ప్లాను అక్కా. రేపట్నుంచి మళ్ళీ పెయింటు డబ్బాలే."

మొదటి వరస పాడి తీగల మీద అరచెయ్యి పెట్టేశాను. బెంజి కర్రలు గాల్లో ఉండిపోయాయి. ఫ్యాన్ల చప్పుడు. ప్రకాశరావుగారి దగ్గు.

ముందు బల్ల మీద ఎండుచేపలమ్మే సువార్తమ్మ మామ్మ ఉంది. అక్షరం రాదు. ఆమె ఎత్తుకుంది, సాగదీసి, నా శ్రుతికి సంబంధం లేకుండా. "గాలి అడ్డం తిరిగినా..." ఆ వరస ముగిసేలోపు రెండు బల్లల జనం గొంతు కలిపారు. మూడో వరసకి ప్రకాశరావుగారు కళ్ళు మూసుకుని పాడుతున్నారు. వెనక గోడ దగ్గర మాస్టారూ అందరితో పాటే.

ఆరాధన అయ్యాక ఎవరూ డ్రమ్స్ ఊసెత్తలేదు. మాస్టారు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే బెంజి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"మాస్టారూ, ఆ మధ్యలో నేను ఊరికే కూర్చోవాలా? ఖాళీగా ఉంది, చిన్నగా ఏదన్నా వాయించనా?"

మాస్టారు నావైపు ఒకసారి చూసి, వాడి భుజం తట్టారు.

"ఆ చోటు మనది కాదు నాయనా."