కలవరం పేరు నిలిచిన వైనం

శ్రీ ఊటలమ్మ తల్లి కొలువైన ఈ ఊరి పేరు కలవరం. కల ఇచ్చిన వరం కనుక కలవరం. గాబరాకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. క్షేత్రాల పుస్తకాలు అచ్చువేసే పెద్దమనుషులు ఎవరినీ కనుక్కోకుండా "భయపడేవారి ఊరు" అని ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. అందుకే ఈ వివరం.

పూర్వం ఇక్కడ అంతా రాతినేల. వరుసగా మూడేళ్లు వానలు లేక గొర్రెలు చచ్చిపోతుంటే, గొంగళ్లు నేసే బీరవ్వకు అమ్మవారు కలలో కనిపించి "నల్లబండ కింద తవ్వు" అని ఆనతిచ్చింది. తవ్వితే ఊట ఉబికింది. దాని చుట్టూ వెలసిన ఊరికి ఈ పేరు పెట్టింది బీరవ్వే.

కొన్నేళ్లకు ఆస్థానకవి నరహరిభట్టు వింతలోకాల కథ ఒకటి రాశాడు. అందులో నిద్రవాడ, తిండిపురి వంటి లేని ఊళ్లెన్నో కల్పించాడు. మన ఊరి పేరు ఎక్కడో చెవిన పడగా, శ్లేష కుదిరిందని మురిసి, తమ నీడకు తామే జడిసేవారి ఊరికి ఆ పేరు తగిలించాడు. రాజ్యమంతా నవ్వింది. సంతలో బీరవ్వ గొంగళ్లు పరిస్తే "నీ నీడ వస్తోంది, చూసుకో అవ్వా!" అనేవారు. ఆమె పళ్లు బిగబట్టుకొని గొంగళ్లు అమ్ముకునేది.

అంతటితో ఆగలేదు. ఆ సీమకు కొత్తగా వచ్చిన అధికారి "కలవరమా? అది కవిగారి కథలోది. లేని ఊరికి ఊట ఎక్కడిది?" అని నీళ్లన్నీ తన తోటకు మళ్లించుకున్నాడు.

బీరవ్వ ఊట దగ్గర అధికారి పెట్టిన కావలివారిని తోసుకొని వెళ్లి కుండ నింపుకుంది. మూడు రోజులు నడిచి రాజసభకు చేరి, అధికారి చేసింది రాజుకు చెప్పి, కుండను కవి ముందు దించింది.

"లేని ఊరి నీళ్లివి, పంతులూ! తాగి, లేవని చెప్పు."

"అది కల్పన, అవ్వా. నలుగురూ నవ్వుకుంటారని రాశాను."

"నవ్వుకోనీకి మా ఊరి పేరే దొరికిందా? దాని అర్థమేందని మమ్మల్ని ఒక్కమాట అడిగినవా?"

నరహరిభట్టు నీళ్లు తాగి తల వంచాడు. "అడగలేదు. ఊరు ఉంది, ప్రభూ. తప్పు నాది" అని నిండుసభలో ఒప్పుకున్నాడు. రాజు ఊటను ఊరికి తిరిగి ఇప్పించి, పేరును శాసనంలో చెక్కించాడు. కవి ఆనాటి నుంచి ఏటా వచ్చి గుడి ఊడ్చేవాడు. ఊరు అతణ్ణి క్షమించింది. బీరవ్వ క్షమించిందని మాత్రం ఎవరూ చెప్పరు.

నేటికీ తీర్థం పుచ్చుకునే ముందు ప్రతి భక్తుడూ పక్కవారిని "మీదే ఊరు? ఆ పేరెలా వచ్చింది?" అని అడగాలి. విన్నవారికి నోటిదోషం తొలగుతుందనీ, చెప్పినవారి ఊరికి నీటికరువు రాదనీ పెద్దల మాట. చెప్పేది ముగిసేదాకా పూజారి చెంబు వంచడు, వెనక వరుస ఎంత పొడవున్నా సరే.