ఎరుపు మరిగిన దొడ్డి

ముత్యాలుకి నాలుగేళ్లు. రోజూ చీకటి పడేముందు కంచె చుట్టూ ఒక్కసారి నడిచి వస్తుంది.

ఆమె గిన్నికోడి. బూడిదరంగు ఒంటినిండా తెల్లచుక్కలు, బోడి మెడ, పాలిపోయిన నీలం మొహం. పాముని చూసినా గద్దని చూసినా వీధంతా లేచేలా అరుస్తుందని ఇంటావిడ సంతలో జంటని కొనుక్కొచ్చింది. మగపక్షి మొదటి వానాకాలంలోనే జబ్బుచేసి పోయింది. అప్పట్నుంచి ఆ దొడ్డిలో నలభై నాటుకోళ్లు, నాలుగు బాతులు, ఒక్క ముత్యాలు.

కోళ్ల గూట్లో ఆమెకి చోటు దొరకలేదు. "నీ వాసన మాకు పడదమ్మా" అని పెద్దపెట్ట సూరమ్మ మర్యాదగానే చెప్పింది. ముత్యాలు పశువుల పాకలో దూలం మీద పడుకుంటుంది. సాయంత్రం నడక అయ్యాక కంచె మూల నిలబడి రెండు కేకలు వేస్తుంది, తనలాంటిది ఎక్కడైనా ఉంటే బదులు పలుకుతుందని. మూడేళ్లుగా ఏదీ పలకలేదు.

ఆ దొడ్డికి పుంజు రాయుడు. గుడ్డు పెట్టడం చేతకాకపోయినా ప్రతి గుడ్డు గురించీ మాట్లాడతాడు. ఒకరోజు తెల్లారి, ఇంకాస్త ఎత్తు నుంచి కూస్తే బాగుంటుందనిపించి సూరమ్మ పొదుగు బుట్ట అంచు మీదికి ఎక్కాడు. సూరమ్మ నీళ్లు తాగడానికి వెళ్లింది. బుట్ట ఒరిగింది. తొమ్మిదింట్లో మూడు గుడ్లు పగిలాయి.

రాయుడు అటూ ఇటూ చూశాడు. ఎవరూ కనబడలేదు. బూడిదకుప్పలో కాళ్లు తుడుచుకున్నాడు. ఆ బూడిద కాళ్లతోనే పెంకులు తొక్కుతూ, ఒక్కొక్కటే ముక్కుతో పట్టుకెళ్లి ముత్యాలు పడుకునే దూలం కింద వేశాడు. తర్వాత కూశాడు. ఆ రోజు కూత బాగా కుదిరిందని బాతులు కూడా అనుకున్నాయి.

సూరమ్మ తిరిగొచ్చి గుండెలు బాదుకుంది. "ఏ పాపిష్టిదే! పదిహేను రోజులు కదలకుండా కూర్చున్నానే!"

పెట్టలన్నీ మూగాయి. రాయుడు గొంతు సవరించుకున్నాడు.

"నేను పేరు చెప్పను. నాకందరూ సమానమే. ఒకసారి పాకవైపు వెళ్లి చూడండి, అంతే."

చూశారు. ఆ తర్వాత రాయుడు మాట్లాడే అవసరమే రాలేదు.

"అది రోజూ కంచె దగ్గర దేనికి తిరుగుతోందనుకున్నారు?"

"ఆ కేకలు ఎవరికి?"

"ముంగిసకే! గుడ్లెక్కడున్నాయో చెబుతోంది."

"ఇన్నేళ్లయింది, మనలా కొక్కొక్కో అనడం నేర్చుకుందా?"

"పంపించేద్దాం."

"ఎక్కడికి?" అని నల్లపెట్ట తాయారు అడిగింది.

"వచ్చిన చోటికి."

"ఎక్కడ్నుంచి వచ్చింది?"

ఎవరికీ తెలీదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

పోయిన వారమే గద్ద దిగితే ముత్యాలు అరిచింది కాబట్టి తాయారు పిల్లలు ఏడూ బతికాయి. తాయారుకి అది గుర్తొచ్చింది. నోటిదాకా వచ్చింది కూడా. పక్కపెట్ట తనవైపు చూడగానే వంగి గింజ ఏరుకుంది.

ముత్యాలు పెంటకుప్ప వెనక ఒంటరిగా పురుగులు ఏరుకుంటోంది. తలెత్తేసరికి చుట్టూ కోళ్లే, పాకలో దొరికిన పెంకుల మాటే అరుస్తూ. బాతులు గట్టు మీంచి చూస్తున్నాయి. "మేం నీటివాళ్లం. ఇది మీ ఈకలవాళ్ల గొడవ" అంది అందులో ఒకటి, తన ఈకలు దువ్వుకుంటూ.

"సూరమ్మక్కా, నేను గూటివైపే రాను కదా" అంది ముత్యాలు. "మీరు రానివ్వరు కదా. ఆ పెంకులు తిప్పి చూడండి, బూడిద అంటుకుని ఉంది. పొద్దున్నే బూడిదలో కాళ్లు తుడుచుకున్నదెవరో..."

"వింటున్నారా!" రాయుడు అరిచాడు. "మన తిండి తింటూ మననే అంటోంది!" ముందుగా పొడిచింది అతనే. బోడి మెడమీద ఒక్క చుక్క రక్తం పొటమరించింది.

కోడిజాతికి ఒక అలవాటుంది. కోళ్లు పెంచే ప్రతి ఇంట్లో ఆడవాళ్లకి తెలుసు. తోటికోడి ఒంటిమీద తడి ఎరుపు కనబడితే పొడవకుండా ఉండలేవు. అందుకే ఏ కోడికి గాయమైనా ఇంటావిడ పరుగున పసుపు మెత్తి ఎరుపు కప్పేస్తుంది, ఆ కోడిని గంపకింద మూస్తుంది. రాయుడికీ ఈ సంగతి తెలుసు. తెలిసే ఒక్క చుక్క చూపించి పక్కకి తప్పుకోబోయాడు.

నలభై ముక్కులు ఒక్కసారే దిగాయి. ముత్యాలు అరవలేదు. పాముకీ గద్దకీ అరవడం ఆమెకి వచ్చు. రోజూ చూసే మొహాలకి ఎలా అరవాలో తెలీలేదు. మిగిలిన ఈకలు కూడదీసుకుని పాక కప్పు మీదికి ఎగిరింది.

కింద ముక్కులు ఆగలేదు. ఆ తోపులాటలో ఎవరిదో ముక్కు గురితప్పి రాయుడి తురాయికి తగిలింది. సన్నగా, తడిగా ఒక ఎర్రగీత కంటిమీదికి జారింది.

మొదట చూసింది సూరమ్మ. "రాయుడుగారూ, మీ తలమీద..." అంటూనే పొడిచింది.

"ఆగండే! నేనే! మీ రాయుణ్ణి!"

"చూశాంలే" అంది ఎవరో, పొడుస్తూనే.

రాయుడు కప్పువైపు మెడ చాచాడు. "ముత్యాలూ! తల్లీ! ఒక్క అరుపు అరువు! నువ్వరిస్తేనే ఇంటావిడ వస్తుంది!"

"గుడ్లు ఎవరు పగలగొట్టారో చెప్పు" అంది ముత్యాలు.

"నేనే! కూయడానికి ఎక్కితే బుట్ట ఒరిగింది! పెంకులు నేనే తెచ్చి వేశాను!"

"నాకు కాదు. వాళ్లకి చెప్పు."

చెప్పాడు. సూరమ్మ చెవిపక్కనే, గొంతు చిరిగేలా చెప్పాడు. ఆమె తల తిప్పలేదు, ముక్కుకి ఖాళీ లేదు.

"వీళ్లు వినట్లేదు!"

"అవును. నా మాటా వినలేదు."

తాయారు పిల్లలు ఆ కాళ్లమధ్య పడి కిచకిచలాడుతున్నాయి. ముత్యాలు వాటిని చూసింది. అప్పుడు అరిచింది.

ఇంటావిడ చీపురుతో వచ్చింది. కోళ్లని చెదరగొట్టింది, సగం తురాయి పోయిన రాయుడి నెత్తికి పసుపు మెత్తింది, గంపకింద మూసింది. తలెత్తి "ఏమే, పాము వచ్చిందా?" అని అడిగి కంచె వెంట వెతికి లోపలికి వెళ్లిపోయింది. ముత్యాలు మెడ ఎంత ఎర్రగా ఉందో కిందనుంచి కనబడదు.

మూడోరోజు తాయారు పాక కిందికొచ్చి నిలబడింది.

"దిగిరా ముత్యాలూ. ఇప్పుడెవరూ ఏమీ అనుకోవట్లేదు. అయిందేదో అయిపోయింది."

ముత్యాలు కప్పు మీద ఇంకాస్త పైకి జరిగింది.

"నేను ఒక్కసారే పొడిచాను. అదీ మెల్లగా."

"తెలుసు. ఆ పోట్లలో నీది ఏదో నాకు తెలుసు."

తాయారు కాలితో నేల గీరింది. "అందరూ అటుంటే నేనొక్కదాన్నీ ఏం చేసేదాన్ని?"

"ఒక్కదానివే ఉండటం కష్టమే తాయారూ. మూడేళ్లు ఉన్నాను."

ఆ సాయంత్రం ముత్యాలు కంచె చుట్టూ నడవలేదు. కప్పు అంచున నిలబడి రెండు కేకలు వేసింది. ఎవరూ పలకలేదు. జొన్నచేల మీదుగా ఎగిరిపోయింది. తర్వాతి వారం ముంగిస వచ్చింది, పట్టపగలే, నిదానంగా. సూరమ్మ బుట్టలో మిగిలిన ఆరు గుడ్లూ పోయాయి, తాయారు పిల్లల్లో నాలుగు పోయాయి. రాయుడు గంపకింద నుంచి గొంతు చించుకుని కూశాడు. ఆ కూత గంప దాటలేదు.

గుంపుకి ఎరుపు చూపించేవాడు తన నెత్తిమీది తురాయి ఏ రంగో ముందు చూసుకోవాలి.

ముత్యాలు ఆ తర్వాత ఏ దొడ్డికీ కాపలా కాయలేదు.