రెండు గ్లాసుల మైదా

పాలకొల్లులో ఎస్తేరమ్మ అనే ఆవిడ ఉండేది. కేకులు దూదిలా చేసేది గానీ, ఇంకొకరికి సరిగా రాకపోతే తప్పు వాళ్ల చేతిదేనని ఠక్కున తేల్చేసేది.

ఆవిడ చెల్లెలు సలోమి తునిలో కాపురం ఉండేది. కేకు నేర్చుకోవాలని ఆమెకు మహా సరదా. ఫోన్ చేసి అడిగితే, "రెండు గ్లాసుల మైదా, గ్లాసు పంచదార, నాలుగు గుడ్లు, ఒక వెన్న ప్యాకెట్టు, చెంచా బేకింగ్ పౌడరు. అంతేనే!" అనేది అక్క. సలోమి అలాగే చేసేది. ప్రతిసారీ కేకు పిడకలా గట్టిగా వచ్చేది.

"నీకు చెయ్యి కుదరదే, వదిలెయ్" అంది ఒకసారి ఎస్తేరమ్మ.

ఆ మాటకు సలోమి మనసు చివుక్కుమంది. ఓవెన్ మీద గుడ్డ కప్పేసి, మళ్లీ దాని జోలికి పోలేదు.

కొన్నాళ్లకు సలోమి కూతురి పుట్టినరోజు వచ్చింది. "కేకు కొనకండి, నేనొచ్చి చేస్తాను" అని చెప్పి ఎస్తేరమ్మ పొద్దున్నే రైలు దిగింది. చెల్లెలి వంటింట్లో కొంగు దోపుకుని, అక్కడున్న గ్లాసుతోనే మైదా, పంచదార కొలిచి, అన్నీ కలిపి ఓవెన్‌లో పెట్టింది. తీసి చూస్తే కేకు పొంగలేదు. కత్తి దిగలేదు.

ఎస్తేరమ్మ ముఖం వాడిపోయింది. సాయంత్రం చుట్టాలొస్తారు. సలోమి నవ్వలేదు, దెప్పలేదు.

"అక్కా, మీ ఇంట్లో గ్లాసు ఇంత పెద్దదా?" అని మాత్రం అడిగింది.

ఎస్తేరమ్మ గ్లాసును తిప్పి తిప్పి చూసింది. తనది పొట్టి గ్లాసు. ఇది పొడుగాటి మజ్జిగ గ్లాసు. వెంటనే భర్తకు ఫోన్ చేసింది.

"ఏమండీ, నా గ్లాసుతో మైదా తీసుకెళ్లి ఎదురు కొట్లో తూకం వేయించండి."

కాసేపటికి ఆయన, "నూట అరవై గ్రాములు" అన్నాడు.

"నొక్కి నింపారా?"

"నొక్కకపోతే కాస్తే పట్టింది మరి!"

"అయ్యో, జల్లించి వదులుగా పోయాలండీ."

ఈసారి నూట ఇరవై వచ్చింది. పంచదార అదే గ్లాసుతో రెండొందలు తూగింది. సలోమి భర్త జీడిపప్పు వ్యాపారి కాబట్టి ఇంట్లోనే తూకం మిషన్ ఉంది. సలోమి గ్లాసుతో మైదా తీసి దాని మీద పెడితే రెండొందలు దాటింది. గుడ్లేమో నాలుగే, వెన్న ఒక ప్యాకెట్టే. కేకు గట్టిపడక ఏం చేస్తుంది?

ఎస్తేరమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "కొలత సరిగ్గా చెప్పనిది నేను. మాట పడింది నువ్వు. జల్లించమని కూడా ఎప్పుడూ చెప్పలేదే! ఈ కేకు నువ్వే చెయ్యి."

"మళ్లీ పాడైతే?" అని సలోమి వెనకాడింది.

"పాడైతే ఇద్దరం కలిసి తిందాం."

సలోమి మైదా జల్లించి రెండొందల నలభై గ్రాములు తూచింది. పంచదారా తూచింది. అక్క పక్కనే నిలబడి ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆవిడకు అదే అన్నిటికంటే కష్టమైంది. కేకు గిన్నె అంచు దాటి పొంగింది.

సాయంత్రం పాప రెండో ముక్కకు చెయ్యి చాపుతూ, "పెద్దమ్మా, నువ్వే చేశావా?" అంది.

"కాదమ్మా, మీ అమ్మ చేసింది" అంది ఎస్తేరమ్మ సంతోషంగా. సలోమి సిగ్గుపడి ఇంకో ముక్క కోసింది.

నీతి: ఎదుటివారికి చేతకాదని అనేముందు, వారికి మనం సరిగ్గా నేర్పామో లేదో చూసుకోవాలి.